పల్నాటి రైతుకుటుంబము - త్రాగునీటి యలవాట్లు

ఆరోగ్యమును గూర్చి వ్రాయుట వైద్యుల పని యనియు, సహకార సంఘపు పత్రికకు ఋణములు, ఎరువులు, విత్తనములు, మిరప ధరలు ఉన్న చాలుననియు కొందరు సభ్యులు తలంచవచ్చును. మేమట్లు తలంచుట లేదు. పంట పండియు వాయిదా నాటికి బాకీ చెల్లింపలేకపోయిన సభ్యుని కారణమడిగినచో, తరచుగా వచ్చు సమాధానము "ఇంట్లో జబ్బు చేసినదండీ" యన్నదే. కోతల నెలలో పది దినములు మంచము పట్టిన మనిషికి కూలి పోవును. అతనిని కనిపెట్టుకొని యుండు ఇల్లాలికిని కూలి పోవును. నరసరావుపేటకో గుంటూరునకో పోయి వచ్చుటకు బండి కిరాయి, పరీక్షలు, మందులు. ఇంతకును ఆ ఖర్చునకు పైకము నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చినదై యుండును. సంఘము తక్కువ వడ్డీకి అప్పిచ్చి చేసిన మేలు ఆ దారిని కొట్టుకొనిపోవును. కావున ఆరోగ్య విషయము కూడ మన జమాఖర్చులలోనిదే.

అయితే జబ్బులన్నిటిని గూర్చి ఒక్క వ్యాసమున వ్రాసినచో ఏదియు చెప్పినట్లుండదు. రైతు తన చేతులలో నున్న అలవాట్లచేత, డబ్బు పెద్దగా వెచ్చింపక తప్పించుకొనగల బాధలను మాత్రమే యెత్తుకొనుచున్నాము. పల్నాటి సీమయందు అట్టి బాధలలో హెచ్చుభాగము నీటితో ముడివడి యున్నవి. ఎంత నీరు త్రాగుచున్నాము, దానిని ఎట్లు ఉంచుకొనుచున్నాము, అసలది ఎక్కడి నీరు అను మూడు సంగతులను విచారించిన చాలును.

మనది ఉత్తరమున కృష్ణ యొరసి పారుచున్నను నీటికి మొగము వాచిన సీమ. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగష్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడువరకు ఇచ్చటి పొలములు చాలవరకు జొన్నకు, వర్షమునకు కట్టుబడి యుండెను. కుడికాలువ వచ్చిన తరువాత వరి, మిరప, ప్రత్తి వచ్చినవి. చేనికి నీరు వచ్చినంత మాత్రమున కుండలోని నీరు బాగుపడినట్లు కాదు. ఈ భేదమును మనలో పలువురు ఇంకను గుర్తింపకున్నారు.

మొదట ఎండ సంగతి. వేసవియందు రెంటచింతల పేరు వార్తాపత్రికలకెక్కని సంవత్సరము అరుదు. నలువదియైదు డిగ్రీలు దాటుట ఆ ప్రాంతమున వింత కాదు. పగలెల్ల కాగిన నాపరాళ్ల కప్పు రాత్రి జామువరకు వేడిని విడువదు గనుక ఇంటిలో పరుండినవారికి రాత్రియు విశ్రాంతి లేదు. 2003వ సంవత్సరపు మే నెలలో ఒకమారు, 2015వ సంవత్సరపు మే నెలలో మరియొకమారు ఆంధ్రదేశమున వీచిన వడగాడ్పులకు ప్రతిమారును వేయిమందికి మించి మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలివారును, వృద్ధులును ఎక్కువ.

ఎండలో కష్టపడు మనిషి శరీరము చెమట పట్టించి తన్ను తాను చల్లార్చుకొనును. పని బరువైనచో గంటకు లీటరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చెమట పోవును. దాహము మాత్రము ఆ నష్టమునకు వెనుకబడి తెలియును. "దాహమైన తరువాత త్రాగుదము" అనువాడు అప్పటికే కొంత అప్పు పడియున్నాడన్న మాట. కావున పనిలో నున్నంతసేపు సుమారు ఇరువది నిమిషములకొకసారి ఒక గ్లాసు, అనగా పావులీటరు చొప్పున త్రాగవలెను. గంటకు ముప్పావు లీటరగును. ఒక్కమారుగా చెంబులు చెంబులు దించుటయు మంచిది కాదు; గంటకు లీటరున్నరకు మించరాదు. ఉప్పును గూర్చి పలువురడుగుదురు. మన భోజనములో పచ్చళ్లు, కారములు ఉండనే యున్నవి గనుక మూడు పూటల తిను మనిషికి ఉప్పు బిళ్లలు అక్కరలేదు. చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, జొన్న అంబలి, గంజి, చద్దియన్నపు తరవాణి - ఇవి మన పెద్దలు కనిపెట్టిన మంచి పానీయములు. రక్తపుపోటు, గుండె, మూత్రపిండముల జబ్బులున్నవారు మాత్రము నీటి కొలతను, ఉప్పును తమ వైద్యునడిగి నిర్ణయించుకొనవలెను. చేనిలో పూటకు నాలుగుమార్లు తేనీరు త్రాగి, నీరు త్రాగినట్లే భావించుట ఇప్పుడు ప్రబలిన అలవాటు. అది నీటికి బదులు కాజాలదు. కల్లు, సారాల మాట చెప్పనే యక్కరలేదు. ఉల్లిపాయను మొలలో నుంచుకొన్న వడదెబ్బ తగులదని కొందరి నమ్మకము. ఆ యుల్లిపాయను గంజిలో నంజుకొన్నచో కొంత ప్రయోజనమైనను ఉండును.

పనివేళలను మార్చుట కూలిఖర్చు లేని వైద్యము. ప్రొద్దు పొడిచినది మొదలు పదిన్నర, పదునొకండు గంటలవరకును, మరల నాలుగు గంటల తరువాతను పని జరిపించుకొను రైతునకు పని తగ్గదు, కూలీలు నిలుతురు. మిరపకాయలను కల్లములో ఆరబెట్టి తిరుగవేయు పని మార్చి, ఏప్రిలు నెలలలో మిట్టమధ్యాహ్నమున పడుచుండును. అట్టి పని తప్పనప్పుడు ఇద్దరు మనుషులు మార్చి మార్చి చేయుట, దగ్గరలో పందిరియు కుండయు ఉంచుట అవసరము. ఎండకు శరీరము ఒక్కనాటిలో అలవాటు పడదు. వారము మొదలు రెండు వారములు పట్టును. కోతలకై కర్నూలు పడమటి మండలములనుండి మన చేలకు వచ్చు కుటుంబములచేతగాని, చాల దినములు నీడను కూర్చుండి లేచిన మన యింటి పిల్లవానిచేతగాని మొదటి దినముననే పూర్తి పని తీసికొనరాదు. మొదటి దినమున కొద్దిపాటి, దినదినమున కొంత హెచ్చించుచు పోవలెను.

ఈ సందర్భమున చెప్పుటకు సంకోచము కలిగించు విషయమొకటి కలదు. సంకోచించి చెప్పకపోవుట వలననే నష్టము కలుగుచున్నది. మిరపకోతలకు వచ్చువారిలో అత్యధికులు స్త్రీలు. చెట్టు చాటు లేని నల్లరేగడి చేలలో మరుగునకు పోవుటకు వీలులేక, ఉదయము నుండి సాయంకాలము వరకు నీరు త్రాగక యుండుటయే వారు కనిపెట్టుకొన్న ఉపాయము. వేసవిలో ఇది ప్రాణముతోడి చెలగాటము. ఎండదెబ్బ తగులకున్నను మూత్రమున మంట, మాటిమాటికి జ్వరము, కొన్నాళ్లకు మూత్రపిండములలో రాళ్లు, ఇవన్నియు ఆ యుపవాసపు ఫలములే. నాలుగు కఱ్ఱలు పాతి, మూడువైపుల గోనెపట్టాలు కట్టి, ఒక గుంట తీసి, ప్రక్క నీళ్లబిందె యుంచుటకు రైతునకు అరపూట పని. గోనెపట్టాలు ఇంటనే యుండును. ఇంతమాత్రము చేయక "మా చేను కోయువారు దొరకుట లేదు" అని విచారించు రైతునెడ మాకు సానుభూతి తక్కువ. తమ కుటుంబపు స్త్రీలు కోతకు పోవు సభ్యులైనను ఈ యేర్పాటును అడిగి చేయించుకొనవలెను.

తగినంత నీరు త్రాగుచున్నామో లేదో తెలిసికొనుటకు పరీక్ష అక్కరలేదు. మూత్రము లేత గడ్డిరంగున నున్నచో చాలినట్లు. చిక్కని పసుపై, తేనీటి రంగునకు దిగినచో చాలనట్లు. పిల్లలకు సైతము ఈ గుర్తు నేర్పవచ్చును.

పనిలో నున్న మనిషికి తలనొప్పి, వికారము, పిక్కలు పట్టుకొనుట, కండ్లు తిరుగుట కనబడినచో వెంటనే పని మాన్పించి, నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి నీరు త్రాగింపవలెను. మాట తడబడుట, ఒడలు కాలిపోవుట, మనుషులను గుర్తింపకపోవుట, స్పృహ తప్పుట వచ్చినచో అది వడదెబ్బ. అచ్చట నిమిషములే లెక్క. 108కి కబురు చేసి, బండి వచ్చులోగా తలనుండి పాదములవరకు నీరు పోయుచు, తడిబట్ట కప్పి విసరుచు నుండవలెను. ముందు చల్లార్చుట, తరువాత ఆసుపత్రికి చేర్చుట. స్పృహ లేనివాని నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులకు పోవును, పోయరాదు. జ్వరపు బిళ్ల ఈ వేడిని దింపజాలదు. మందునీళ్ల పీపాలో నీరుండి, దానితో తడుపబోవువారు గలరు గనుక అదియు వలదని చెప్పుచున్నాము.

మందునీళ్ల పీపా యనగా జ్ఞప్తికి వచ్చినది. మిరపకును, ప్రత్తికిని పురుగుమందులు కొట్టుట మన సీమలో ఎక్కువ. మందు ఐపోయిన డబ్బా గట్టిదిగను, మూత బిగువైనదిగను ఉండుటచేత కడిగి చేనికి నీళ్లు తీసికొనిపోవుటకును, ఇంటిలో నూనె పోసికొనుటకును వాడు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఎంత కడిగినను ఆ ప్లాస్టిక్కులో ఇంకిన మందు పోదు. మందు కలుపునపుడే డబ్బాను మూడుమార్లు తొలిచి, ఆ తొలిచిన నీటిని పిచికారీలోనే పోసి, డబ్బాకు మేకుతో తూట్లు పొడిచినచో మరల ఎవరును వాడుకొనజాలరు. త్రాగునీటి కుండను మందు కలుపు చోటునకు దూరముగా, గాలి వచ్చు వైపున నుంచవలెను. మందు కొట్టుచు మధ్యలో చేయి కడుగక బీడీ వెలిగించుట, మామిడికాయ కొరుకుట మన కండ్ల ఎదుట దినమును జరుగుచున్నవే.

ఇక నీటిని ఉంచుకొను పద్ధతి. 2024వ సంవత్సరమున పిడుగురాళ్లయందును, దాచేపల్లియందును అతిసారము ప్రబలిన సంగతి పాఠకులు మరువలేదు. నీళ్ల విరేచనములు, కామెర్లు, సన్నిపాత జ్వరమనబడు టైఫాయిడు - ఇవి మలము నీటిలో కలియుట వలననే పుట్టును. ఈ మాట చదువుటకు రోతగా నున్నను, రోగము పుట్టుకను దాచి చెప్పుట సాధ్యము కాదు. కలియు మార్గములు రెండు. మొదటిది ఇంటి వెలుపలనే జరుగును. కొళాయి గొట్టము మురుగుకాలువ గుండ పోవుచు అతుకువద్ద కారుచుండును. నీరు విడిచినపుడు బయటికి కారును. నీరు నిలిపినపుడు మురుగు లోనికి పీల్చబడును. ఒత్తిడి చాలదని కొళాయి క్రింద గుంట త్రవ్వి గొట్టమును దింపుకొను అలవాటు దీనికి తోడు. ఆ గుంటలో నిలిచిన నీరే మరునాటి మొదటి బిందెలో చేరును. అట్టి గుంటలను పూడ్చి, కారు అతుకులను పంచాయతీవారికి చూపి కట్టింపవలెను. మొదటి రెండు మూడు బిందెల నీటిని గిన్నెలు తోముటకు వాడుకొనవలెను.

రెండవ మార్గము మన వంటయింటిలోనిదే. శుభ్రముగా తెచ్చిన బిందెలో చెంబుతో ముంచుదుము; చెంబుతో పాటు వ్రేళ్లును మునుగును. పిల్లవాని మలము ఎత్తిన చేయి, పశువుల కొట్టము ఊడ్చిన చేయి అదే. బిందెకు మూత వేసి, పొడవైన పిడిగల ముంతను ప్రక్కన తగిలించి, దానితోనే ముంచి గ్లాసులో పోసికొనుటయు, మరుగుదొడ్డికి పోయి వచ్చిన తరువాతను, అన్నము వండుటకు, వడ్డించుటకు, తినుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుటయు అలవాటైన యింట విరేచనములు చాలవరకు తగ్గును. నీటియంత్రమువద్ద ఇరువది లీటర్ల డబ్బా కొని తెచ్చుకొనువారు తమకీ భయము లేదనుకొందురు. నీరు మంచిదే కావచ్చును. డబ్బాను లోపల చేయి పెట్టి తోమి ఎన్నాళ్లయినదని వారిని మేమడుగుచున్నాము.

ఊరిలో త్రాగుటకు వాడు బావి యున్నచో దానికి బ్లీచింగు పొడి వేయుట సభ్యులు స్వయముగా నేర్చుకొనదగిన పని. పిడికెడు చల్లి వచ్చుట పద్ధతి కాదు, లెక్క కలదు. గుండ్రని బావి వెడల్పును మీటర్లలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, 3.14తో గుణించి, నాలుగుతో భాగించి, నీటి లోతుతో గుణింపవలెను. వచ్చినది ఘనమీటర్లు, ఒక్కొక్కటి వేయి లీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు గల బావిలో ఈ లెక్కచొప్పున సుమారు 37,700 లీటర్లుండును. వేయి లీటర్లకు మంచి పొడి రెండున్నర గ్రాముల చొప్పున వేసిన 94 గ్రాములు కావలెను. ఆ పొడిని బకెటులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు చేర్చి, పది నిమిషములు తేరనిచ్చి, పై తేటను మాత్రము వేరొక బకెటులో వంచి, దానిని బావిలోనికి దింపి పైకి క్రిందికి ఆడింపవలెను. అడుగున మిగిలిన సున్నపు మడ్డిని బావిలో పోయరాదు. ఒక గంట గడచువరకు నీరు తోడరాదు. కావున రాత్రివేళ చేయుట అనుకూలము. పొడి పాతదై, మూత తీసియుంచినదైనచో సత్తువ పోయి యుండును. మూతబిగువు డబ్బాలలో కొలది కొలదిగ తెప్పించి యుంచుట సంఘము చేయదగిన పని. ఇంటిలోనైనచో నీరు తెర్లునట్లు కాచి చల్లార్చుకొనవచ్చును. లేదా అర గ్రాము క్లోరిను బిళ్ల నొకదానిని ఇరువది లీటర్ల తేటనీటిలో వేసి అరగంట, గంట ఆగి త్రాగవచ్చును.

ఇంత చేసినను పిల్లవానికి విరేచనములు పట్టుకొన్నచో లంకణము పెట్టుట మన ఇండ్లలో పరిపాటి. "లంకణము పరమౌషధము" అన్న మాట ఈ జబ్బునకు వర్తింపదు. విరేచనములతో చచ్చు పిల్లవాడు క్రిములచేత కాక, ఒంటిలోని నీరును లవణములును పోవుటచేతనే చచ్చును. 1971వ సంవత్సరమున తూర్పు బెంగాలునుండి పారివచ్చిన శరణార్థుల మధ్య, బనగాంవద్ద కలరా చెలరేగినపుడు, నరమున ఎక్కించు ద్రవము చాలక డాక్టరు దిలీప్ మహలనోబీసు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగింపించెను. నూటికి ముప్పదిమంది చచ్చుచుండిన చోట మరణములు నూటికి మూడు చొప్పునకు దిగెను. నేడు ప్రతి ఆరోగ్య కేంద్రమునను, ఆశా కార్యకర్తలవద్దను దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము దాని సంతతిదే. పొట్లము మీద ఎంత నీరు కలుపవలెనని వ్రాసి యున్నదో అంతయు కలుపవలెను. సగము పొట్లము, సగము నీరు అను లెక్కలు వలదు. పొట్లము దొరకని రాత్రి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్నచెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చును. రుచి కన్నీటికంటె ఉప్పగా నుండరాదు. చెంచా చెంచాగా త్రాగింపవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మొదలిడవలెను. కలిపిన నీరు ఒక దినమునకు మించి నిలువ యుంచరాదు. తల్లిపాలు, మెత్తని అన్నము మానరాదు. ఆరోగ్య కేంద్రమున నిచ్చు జింకు బిళ్లలను విరేచనములు కట్టినను పదునాలుగు దినములు పూర్తిగా వాడవలెను. మలమున రక్తము, కండ్లు లోతునకు పోవుట, మూత్రము రాకపోవుట, పిల్లవాడు తూగుచు పాలు త్రాగలేకపోవుట కనబడినచో మరి తడయక ఆసుపత్రికి పోవలెను.

ఇన్ని చిన్న అలవాట్లచేత ఒక రోగము నిజముగా పోవునా యని సందేహించువారికి నారికురుపు సంగతి చెప్పెదము. వయస్సు మీరిన పాఠకులు కొందరు దానిని చూచియే యుందురు. దిగుడుబావిలో కురుపున్న కాలు పెట్టినచో నారిపురుగు తన పిల్లలను నీటిలో విడుచును. వానిని కంటికి ఆననంత చిన్న నీటిపురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి సుమారు సంవత్సరమునకు కాలినుండి రెండు మూడు అడుగుల పురుగు వెలువడును. దానిని పుల్లకు చుట్టుచు దినమునకింత చొప్పున లాగుదురు. సరిగా దుక్కుల కాలమున మనిషి కుంటివాడై కూర్చుండును. దీనికి నాడును మందు లేదు, నేడును లేదు; టీకాయు లేదు. నీటిని మడత బట్టతో వడకట్టుట, దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, పుండున్నవానిని నీటిలో దిగనీయకుండుట - ఇవియే చేసిరి. భారతదేశమున చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమునందు కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశమున నారికురుపు లేదని ప్రకటించెను. ఒక గుడ్డముక్కయు, ఒక బావిగట్టును చేసిన పని యిది.

బట్టతో పోవునది, కాచిన పోవునది ఇంతవరకు చెప్పితిమి. ఏవిధముగను కంటికి, నాలుకకు తెలియక, కాచినను పోక, ఎముకలను పట్టు దోషమొకటి మన బోరుబావులలో కలదు. అదియే ఫ్లోరైడు. 1937వ సంవత్సరమున షార్టు మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములను పరిశోధించి, ఈ జబ్బును మన దేశమున మొదట వివరించిరి. అది మన వినుకొండకు పొరుగుననే యున్న దర్శి, పొదిలి ప్రాంతము. మనుషులకంటె ముందు ఎడ్లు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను అక్కడి రైతులు గమనించిరని చెప్పుదురు. వినుకొండ, బొల్లాపల్లి వైపు పలు గ్రామముల బోరులలో ఈ దోషము నేటికిని కలదు. కాలువనీరు అందని చోట్ల బోరును ఎంత లోతునకు దింపిన అంత మంచినీరు పడునని రైతులు నమ్ముదురు. ఫ్లోరైడు విషయమున ఈ నమ్మకము పనికిరాదు. ఉప్పునీరు చెడ్డదనియు, తీయనినీరు మంచిదనియు నాలుకచేత చెప్పుటయు పొరపాటే.

త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు సహింపవచ్చునని మన దేశపు నియమము. మించిన నీరు పలుదినములు త్రాగిన పిల్లల పండ్లపై సుద్దమచ్చలు, తరువాత గోధుమరంగు చారలు పడును. ఎనిమిదేండ్లలోపల చిగుళ్ల లోపల పండ్లు తయారగుచుండగనే ఈ చెరుపు జరుగును. తరువాత తోమిన పోవునది కాదు. పెద్దలకు నడుము, మెడ బిగిసి, వంగి లేవలేకపోవుట ఏండ్లమీద వచ్చును. వాతమని తైలములు రాచుకొనుచు, నొప్పిబిళ్లలు మ్రింగుచు కాలము గడుపుదురు. వచ్చిన వంకరను తీర్చు మందు లేదు. రాకుండ చేయుట ఒక్కటే మన చేతనున్నది.

నీటిని మార్చుటయే ముఖ్యము: శుద్ధిచేసిన కాలువనీరుగాని, పట్టియుంచిన వాననీరుగాని, వడపోతయంత్రపు నీరుగాని. 1970 దశాబ్దమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును మడ్డిగా దింపు పద్ధతిని ఏర్పరచి దానికి నల్లగొండ పేరు పెట్టిరి. సున్నమునకు పిడుగురాళ్ల మన ముంగిటనే యున్నది. అయినను పటిక కొలత నీటి నీటికి మారును. పరీక్ష చేయించి తెలిసినవారు చెప్పిన కొలతను బట్టియే చేయవలెను గాని, ఊహచొప్పున కలుపరాదు.

ఇచ్చట మా కంటబడిన అలవాటొకటి. యంత్రపు నీటిని డబ్బు పెట్టి కొని త్రాగుచు, అన్నము, పప్పు, తేనీరు బోరునీటితోనే కాచుదురు. అన్నము నీటిని పీల్చుకొనును. పప్పులో నీరంతయు మిగులును. కాగినకొలది ఫ్లోరైడు చిక్కనగును గాని పోదు. కావున మంచినీరు వంటకును వాడవలెను. త్రాగుటకు, వంటకు కలిపి మనిషికి దినమునకు ఎనిమిది, పది లీటర్లు చాలును. స్నానమునకు, బట్టలకు, పశువుల కొట్టము కడుగుటకు బోరునీరు నిరపాయముగా వాడుకొనవచ్చును. పశువులు త్రాగునది మాత్రము వీలైనచో మార్చవలెను. పాలు, పెరుగు, మునగాకు, ఉసిరిక, జామ మొదలగువానివలన సున్నపు సత్తువయు, సి విటమినును చేరి ఈ దోషపు బలమును కొంత తగ్గించును. చిక్కని తేనీరు తానే కొంత ఫ్లోరైడును తెచ్చును గనుక ఆ గ్రామములలో పిల్లలకు అలవాటు చేయకుండుట మేలు.

తమ బోరునీరు ఎట్టిదో తెలియని సభ్యులు గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలయందు పరీక్ష చేయించుకొనవచ్చును. లీటరు పట్టు శుభ్రమైన ప్లాస్టిక్కు సీసా తీసికొనవలెను. పురుగుమందుదిగాని, నూనెదిగాని, తీపి పానీయములదిగాని కారాదు. బోరును అయిదు నిమిషములు నడపి, సీసాను ఆ నీటితోనే మూడుమార్లు తొలిచి, అంచువరకు నింపి మూత బిగింపవలెను. గ్రామము పేరు, బోరున్న చోటు, లోతు, పట్టిన తేదీ కాగితముపై వ్రాసి అంటింపవలెను. క్రిముల పరీక్షకు వేరు సీసా కావలెను. దానిని ప్రయోగశాలవారే ఇత్తురు, పట్టిననాడే చేర్చవలెను. వీథికొక్క బోరుచొప్పున నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒకనాడే సీసాలను పంపుకొన్నచో రాకపోకల ఖర్చు కలిసివచ్చును. వచ్చిన అంకెలను సంఘపు గోడమీద వ్రాయింపుడు. మిరపకోతలు మొదలు కాకముందే, పుష్యమాసము లోపల, ఈ పని ముగించుట అనుకూలము. కోతలు వచ్చిన తరువాత ఎవరికిని తీరిక యుండదు.